ఆలేరు నుంచి తార్నాకకు రోజూ పోయి రాగలనా?

పేట అమ్మాయి అడిగినది:

అందరికీ నమస్కారం. మాది జగ్గయ్యపేట. మొన్న మాఘంలో పెళ్లయి ఆలేరు కోడలిగా వచ్చాను. మావారికి ఇక్కడ ఎరువులు, విత్తనాల కొట్టు ఉంది. ఇప్పుడు వానాకాలం సీజన్ మొదలయ్యేసరికి అన్నానికి కూడా ఇంటికి రావడం లేదు. కాబట్టి మేము హైదరాబాద్ మారిపోవడం అనే మాటే లేదు.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. పెళ్లికి ముందు విజయవాడలో మూడేళ్లు హాస్టల్లో ఉండి పనిచేశాను. ఇప్పుడు తార్నాకలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ వాళ్లు రమ్మన్నారు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర వరకు, వారానికి ఆరు రోజులు. వచ్చే సోమవారంలోపు చేరతానో లేదో చెప్పాలి.

మావారేమో హాస్టల్లో ఉండి శనివారం సాయంత్రం రమ్మంటున్నారు. అత్తయ్యగారు మాత్రం "మనూళ్లె ఎంతమంది రైలెక్కి పోయొస్తలేరు, నువ్వు గూడ పో" అన్నారు. ఆ మాటతోనే నాకు ధైర్యం వచ్చింది. పెళ్లయిన నాలుగు నెలలకే మళ్లీ హాస్టల్‌ గది అంటే మనసు ఒప్పుకోవడం లేదు. చేతిలో ఉన్న పని వదులుకోవడం అంతకన్నా కష్టంగా ఉంది.

రోజూ వెళ్లి వచ్చేవాళ్లు నిజంగా ఎలా వెళ్తున్నారు? రైలా, బస్సా? ఎక్కడ దిగాలి? ఇంటికి ఎన్నింటికి చేరతారు? మూడు నెలల తర్వాత ఒంట్లో ఓపిక మిగులుతుందా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

పాత పాసు రాసినది:

బిడ్డా, మా ఊరి కోడలువైనందుకు సంతోషం. నేను 1998 నుంచి 2021 దాకా, మధ్యల కరోనా బందు వదిలేస్తే, ఆలేరు–సికింద్రాబాద్ అప్‌డౌన్ చేసినోణ్ని. రాణిగంజ్‌ల ఒక హార్డ్‌వేర్ హోల్‌సేల్ దుకాణంల లెక్కలు రాసేటోణ్ని. బోల్టులు, నట్లు, తీగె చుట్టల లెక్క. ఇద్దరు పిల్లల చదువు, బిడ్డ పెండ్లి, ఇల్లు మీద స్లాబు, అన్ని ఆ పాసు మీదనే అయినయి. అందుకే నీ ప్రశ్న సూశి జవాబియ్యకుండ ఉండలేకపోయిన.

అడిగేటోళ్లందరు నీ లెక్కనే అడుగుతరు: పొద్దున ఎట్ల పోవాలె? పోవుడు పెద్ద లెక్క గాదు బిడ్డా. పొద్దున ఒళ్లు తాజాగుంటది, ఇంట్ల లేపెటోళ్లుంటరు, స్టేషన్ల పది మంది తెలిసినోళ్లుంటరు. వచ్చుడే అసలు లెక్క. ఉద్యోగం ఒప్పుకునే ముందు, సాయంత్రం ఏ బండి పట్టుకుంటవు, అది తప్పితే తర్వాతది ఏంది, అది గూడ తప్పితే ఎవరింట్ల పడుకుంటవు, ఈ మూడు మాటలు తేల్చుకో. మూడిటికి జవాబు దొరికితే హాయిగ పోయి చేరు.

ముందు దారి చెప్త. ఆలేరు సికింద్రాబాద్–కాజీపేట లైను మీదుంది. మన దిక్కు నుంచి పోతే వంగపల్లి, రాయగిరి, భువనగిరి, పగిడిపల్లి, బీబీనగర్, ఘట్‌కేసర్, చర్లపల్లి, మౌలాలి, సికింద్రాబాద్. రాయగిరి స్టేషన్‌కు ఇప్పుడు యాదాద్రి అని పేరు పెట్టిన్రు గని మేం పాతోళ్లం రాయగిరే అంటం. రోజు పోయేటోళ్లకు దిక్కు పుష్‌పుల్ ప్యాసింజర్ బండి. ఇయ్యాల కొత్త డబ్బాలొచ్చినా ఎవరు పేరు మార్చలే, పుష్‌పుల్ అంటేనే అందరికి తెలుస్తది. దూరం బండ్లల్ల కొన్నే ఆలేర్ల ఆగుతయి. అవి వెనుక నుంచి లేటుగొస్తే నీ డ్యూటీ గూడ లేటే. పుష్‌పుల్ మన దిక్కే బయల్దేరేదే గనుక పొద్దుటి పూట కొంచెం నమ్మొచ్చు.

నువ్వు సికింద్రాబాద్ దాకా పోవాల్సిన పని లేదు. మౌలాలిల దిగితే లాలాపేట మీదికెళ్లి తార్నాక దగ్గర. షేరింగ్ ఆటోలు, సిటీ బస్సులు దొరుకుతయి. సికింద్రాబాద్ దాకా పోతే మెట్రో ఉంది. సికింద్రాబాద్ ఈస్ట్ స్టేషన్ల ఎక్కితే మెట్టుగూడ, తర్వాత తార్నాక. రెండో స్టేషనే. వానొచ్చిన దినం మౌలాలిల దిగి ఆటో కోసం తడుసుకుంట నిలబడకు, సీదా సికింద్రాబాద్ పోయి మెట్రో ఎక్కు.

ఇంకోటి యాదిపెట్టుకో. సికింద్రాబాద్ స్టేషన్ పాత బిల్డింగ్ తీసేసి కొత్తది కడుతున్రు. 2025 జనవరి 6 న చర్లపల్లిల పెద్ద టెర్మినల్ తెరిసిన్రు, కొన్ని బండ్లు అటు మార్చిన్రు. కాబట్టి సాయంత్రం నువ్వు ఎక్కే బండి సికింద్రాబాద్ నుంచా, చర్లపల్లి నుంచా అని ప్రతి నెల ఒకసారి కౌంటర్ల అడిగి తెలుసుకో. తార్నాక నుంచి రెండు దిక్కులకు పోవచ్చు గని, ఒక దిక్కు పోయినంక ఇంకో దిక్కు ఉరుకుడు అయితే గాదు.

ఇగ సాయంత్రం సంగతి. పొద్దున గంటన్నర పట్టిన దూరమే సాయంత్రం రెండుం బావు పడ్తది. ఎందుకంటే ఆ టైంల సికింద్రాబాద్ నుంచి దూరం ఎక్స్‌ప్రెస్‌లు ఒకటెనక ఒకటి ఎల్తయి. వాటికి దారియ్యాలె గనుక మన బండిని లూప్‌ల, అంటే పక్క పట్టాల మీద, వడేస్తరు. పగిడిపల్లి కాడ నడికుడి లైను గూడ కలుస్తది, ఆడ ఇంకింత ఆగుతది. పంకా గాలికి కూసునుడు తప్ప మనం చేసేది ఏమి ఉండదు. నేను ఆ టైంల రేపటి కూరగాయల చిట్టి రాసుకునేటోణ్ని, నా పక్కన పోస్టాఫీసు సారు చిక్కుడుకాయలు ఈనెలు తీసేటోడు. పొద్దుగాల ఇంట్ల పని తగ్గుతదని నెలకు ఇరవై దినాలు అదే పని. ఆయన సంచి కింద పేపర్ పరుసుకుని, ఈనెలన్ని ఆ పేపర్ల చుట్టి దిగేటప్పుడు తీసుకపోయేటోడు. ఒక్క ఈనె డబ్బాల వడనియ్యలే.

ఆరున్నరకు విడిస్తే నీకు కష్టం. తార్నాక నుంచి స్టేషన్‌కు వచ్చి, జనంల ఎక్కేసరికి మంచి బండి ఎల్లిపోయి ఉంటది. అందుకే చేరకముందే వాళ్లతోని ఈ మాట మాట్లాడు: "నేను పొద్దున ఎనిమిదిన్నరకే వస్త, సాయంత్రం ఐదున్నరకు విడువుండ్రి." మీ పనిల పరిగడుపు రక్తాలు పొద్దున్నే తీసుకుంటరు గద. ఆ టైంకు మనిషి ఉండుడు వాళ్లకు గూడ లాభమే. మొదాలే అడిగితే ఒప్పుకుంటరు. చేరి ఆర్నెల్లైనంక అడిగితే బతిమిలాడినట్టైతది. నేను పదకొండేండ్లు అడగలే. మా సేటు మంచోడే, అడిగిన నాడే గంట ముందు విడిసిండు. ఆ పదకొండేండ్లు నా పిల్లలు మెలకువతోని ఉన్నప్పుడు నన్ను చూసింది ఆదివారం నాడే.

పాసు సంగతి. నెల సీజన్ టికెట్ తీసుకుంటే రోజు టికెట్ కొన్నదానికన్న సగానికన్న తక్కువైతది. మూడు నెలలది ఒక్కపారి తీసుకుంటే నెల రేటుకు 2.7 రెట్లే పడ్తది, అంటే ఇంకింత కలిసొస్తది. 150 కిలోమీటర్ల దాకా సీజన్ ఇస్తరు, మనది అందుల సగం గూడ ఉండదు. ఫోన్ల తీసుకోవచ్చు, కౌంటర్ల తీసుకోవచ్చు. పాసుతోని జనరల్ డబ్బాలనే ఎక్కాలె. ఖాళీగుందని స్లీపర్ల కూసుంటే జుర్మానా 250 రూపాయలు, మీదికెళ్లి చార్జి. సూపర్‌ఫాస్ట్ బండికి వేరే సర్‌చార్జి కట్టాలె. కొత్తగ పోయేటోళ్లు ఈ రెండిట్ల దొరికిపోతరు.

రాత్రి చిక్కుకున్న ఒక దినం చెప్త, నీకు పనికొస్తది. 2016 సెప్టెంబర్. హైదరాబాద్ల వానలు పడి కాలనీలు మునిగిన వారం అది. మా బండి సికింద్రాబాద్ల ఎల్లుడే లేటు, ఎల్లి మౌలాలి దాటినంక ఆగింది. బీబీనగర్ దాటి మళ్లా ఆగింది. బయట చీకటి, లోపట లైటు ఒకటే ఎలుగుతుంది. మా చిన్నోనికి పొద్దుటి నుంచి జరం, నా ఫోన్ల చార్జింగ్ అయిపోయింది. ఇంట్ల ఏమైతుందో తెల్వదు. డబ్బాల సీతాఫలాలు అమ్మి వాపస్ వస్తున్న ఆడోళ్లు ఆరుగురున్నరు. వాన్లకు బేరం లేక రెండు గంపలు మిగిలినయి. అందుల పెద్దామె గంపను నడిమికి జరిపి, "పొద్దటికి మెత్తబడి పారబోసుడే అయితది, తినుండ్రి" అని ఒక్కొక్కల చేతుల పెట్టింది. ఎదురు సీటుల టీచరమ్మ తన ఫోన్ నా చేతికిచ్చింది. ఇంటి నంబరు నాకు నోటికి రాలే. ఫోన్ల ఉంటది గద అని ఎన్నడు గుర్తుపెట్టుకోలే. ఆఖరికి సంచిల పాత పాసు కవరు మీద మా తమ్ముని నంబరు రాసి ఉంటే వానికి చేసి, వాన్ని ఇంటికి పంపిన. ఇల్లు చేరేసరికి రాత్రి ఒంటి గంట దాటింది. పిల్లగాడు పడుకున్నడు, జరం దిగింది.

అప్పటిసంది పాసు కవర్ల మూడు నంబర్లు రాసి పెట్టుకున్న. నువ్వు గూడ రాసుకో. నీ సంచిల ఒక పాత చీర ముక్క, రెండు అరటిపండ్లు, ఒక చార్జింగ్ బ్యాంకు పెట్టుకో.

కరోనా మాట గూడ చెప్పి ఆపేస్త. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూతోని బండ్లు బందైనయి. ప్యాసింజర్లు మళ్ల మొదలయ్యేసరికి 2021 జూలై అయింది. అవి గూడ ఎక్స్‌ప్రెస్ అని పేరు పెట్టి నడిపిన్రు, పది రూపాయల టికెట్ ముప్పై చేసిన్రు. 2024 ఫిబ్రవరిల గని మళ్ల పదికి రాలే. ఆ నడుమ మా డబ్బా అంత చెదిరిపోయింది. సగం మంది ఉప్పల్, బోడుప్పల్ దిక్కు కిరాయికి పోయిన్రు. కూలికి పోయేటోళ్లు పనులే మానుకున్నరు. మేం ఐదుగురం ఒక కారు మాట్లాడుకుని పోయినం. జీతంల మూడోవంతు దానికే పోయింది. ఆ ఏడే నేను పని బందుపెట్టిన. గీ బండి గింత ముఖ్యమని అది ఆగినంకనే మా ఊరోళ్లందరికి సమజైంది.

ఉప్పల్ రింగు రాసినది:

చెల్లె, కాక చెప్పింది రైలు. నేను బస్సు మనిషిని. ఆలేరు నుంచి ఉప్పల్ రోజు పోతున్న, ఒక దవాఖానలో నర్సుగ నాలుగేండ్లాయె.

ముందు నీ ఆధార్ చూసుకో. జగ్గయ్యపేట అడ్రసే ఉంటే మార్పించుకో. మన దగ్గర ఆడోళ్లకు ఉచిత బస్సు 2023 డిసెంబర్ 9 నుంచి ఉంది గాని తెలంగాణ అడ్రసున్న కార్డు చూపించాలె. కండక్టర్ జీరో టికెట్ ఇస్తడు. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ల నడుస్తది, సిటీల ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ ల నడుస్తది. సూపర్ లగ్జరీ, డీలక్స్ ఎక్కితే పైసలు పెట్టాలె. నాకు నెలకు బస్సు ఖర్చు ఇప్పుడు ఏమి లేదు. ఆ పైసలు మా అమ్మ పేరు మీద చిట్టి కడుతున్న.

కాని సీటు అనే మాట మర్సిపో. హన్మకొండ, జనగామ నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్‌లు నిండుకునే వస్తయి. మొదట్ల నేను ఉప్పల్ దాకా నిలబడి పోయి, మళ్ల దవాఖానల ఎనిమిది గంటలు నిలబడి, మోకాళ్ల నొప్పులు తెచ్చుకున్న. ఇప్పుడు తెలివి వచ్చింది. ఆలేర్ల పల్లెవెలుగు ఎక్కి భువనగిరి పోత. భువనగిరిల ఉప్పల్ బస్సులు ఎక్కువ, దిగేటోళ్లు గూడ ఎక్కువ, నిమ్మలంగ సీటు దొరుకుతది. పది నిమిషాలు ఎక్కువైనా కూసోని పోత. శని, ఆదివారాలు, స్వాతి నక్షత్రం నాడు, కార్తీకంల మాత్రం యాదగిరిగుట్టకు పోయి వచ్చే భక్తులతోని ఈ ఉపాయం గూడ పారది. ఆ దినాలల్ల నేను గంట ముందే బయల్దేరుత.

ఉప్పల్ల దిగితే నీకు మెట్రో ఉంది. స్టేడియం, ఎన్‌జీఆర్ఐ, హబ్సిగూడ, తార్నాక. నాలుగో స్టేషన్. ఉప్పల్ రింగుల స్కైవాక్ ఉంది, కింద రోడ్డు దాటే పని లేకుండ స్టేషన్ల పోవచ్చు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవర్ పని 2018ల మొదలుపెట్టిన్రు, ఆ ముక్క మీద పోయిన కాలం నా జీవితంల వాపస్ రాదు. దుమ్ముకు చున్నీ తడిపి మూతికి కట్టుకునేదాన్ని.

ఆడపిల్లగ నా సలహా ఒకటి. రాత్రి ఆలేరు బైపాస్ మీద దించుత అనే బస్సు ఎక్కకు. పెద్ద బస్సులు ఊళ్లోకి రావు, బైపాస్ కాడ ఆపి ఎల్లిపోతయి. ఎక్కేటప్పుడే "ఊళ్లకు పోతదా" అని కండక్టర్‌ను అడుగు. నేను ఒకసారి అడగక ఎక్కి, ఆ చీకట్ల సర్వీసు రోడ్డు మీద మా అన్న వచ్చేదాకా ఒక్కదాన్నే నిలబడ్డ. ఇరవై నిమిషాలే. ఇప్పటికి ఆ ఇరవై నిమిషాలు యాదికొస్తయి.

బీబీనగర్ బండి రాసినది:

నేను ఆలేరు నుంచి బీబీనగర్ దాకా బైకు మీద పోత. ఎయిమ్స్ దగ్గర పని. షిఫ్టులు కాబట్టి రైలు, బస్సు కుదరవు. టూవీలర్‌కు టోల్ లేదు, రోడ్డు మంచిగుంది, అదే ఉన్న సుఖం.

మీ ఆయన బండి మీద దింపుత అంటే స్టేషన్ వరకే దింపించుకోండి. హైవే మీద రోజు పోవుడు మంచిది కాదు. యాసంగి, వానకాలం పంటలు వచ్చినప్పుడు సర్వీసు రోడ్ల మీద వడ్లు ఆరబోస్తరు. కుప్ప చుట్టు రాళ్లు పెడతరు. పొద్దున చూసుకుని పోతం. రాత్రి వడ్లు ఎత్తుకపోయి రాళ్లు ఆడనే వదిలేస్తరు. నేను పోయిన నవంబర్ల అట్లనే ఒక రాయి ఎక్కించి పడ్డ, మణికట్టు విరిగింది, నెలన్నర ఇంట్లనే. రైతుల మీద నాకు కోపం లేదు, మా నాయిన గూడ అక్కడనే ఆరబోస్తడు, కల్లాలు లేక. కాని మీరు జాగ్రత్త.

ఎదురు దారి రాసింది:

నేను మీకు ఎదురు దారిలో వెళ్లేదాన్ని. ఉండేది బోడుప్పల్, పనిచేసేది ఆలేరు దాటి రాజాపేట దిక్కు ఒక ప్రభుత్వ బడిలో. నలుగురు టీచర్లం కలిసి ఒక కారులో వస్తాం. పెట్రోలు, గూడూరు టోలు వాటాలు వేసుకుంటాం. ఎవరి కారు తెస్తే వాళ్లకు ఆ వారం పెట్రోలు వాటా లేదు, బండి అరుగుతుంది కదా అని ముందే అనుకున్నాం. ఆరేళ్లయింది, లెక్క దగ్గర ఒక్కసారి కూడా మాట రాలేదు.

మీకు చెప్పదలచుకున్నది ఒకటే. మా కారు పొద్దున ఇటు వస్తుంది, సాయంత్రం అటు పోతుంది కాబట్టి మీకు సాయపడలేను. కానీ ఆలేరు నుంచి ఉప్పల్ వైపు పొద్దున పోయే కార్లు కూడా ఉన్నాయి. ఆలేరు మెడికల్ షాపుల వాళ్లను, బ్యాంకు వాళ్లను అడగండి, ఎవరి కారు వెళ్తుందో వాళ్లకు తెలుసు. రైలు తప్పిన రోజుకి అదొక దారి. మొదటి నెలలో రెండుమూడుసార్లు తప్పుతుంది, కంగారుపడకండి.

మూడు నెలల తర్వాత ఓపిక మిగులుతుందా అన్నారు. మొదటి ఆరు వారాలు మిగలదు. ఎనిమిదింటికే నిద్ర ముంచుకొస్తుంది, వారాంతంలో పెళ్లిళ్లకు పేరంటాలకు వెళ్లాలనిపించదు. ఆ తర్వాత ఒళ్లు అలవాటు పడుతుంది. ఆ ఆరు వారాలు పొద్దుటి వంట మీ అత్తగారు చూసుకుంటానంటే మీరు నిలదొక్కుకుంటారు. అదొక్కటి ఇంట్లో నోరు తెరిచి అడగండి.

పేట అమ్మాయి రాసినది:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ దండాలు. రాత్రి మావారికి, అత్తయ్యగారికి మొత్తం చదివి వినిపించాను. బాబాయ్ గారూ, సీతాఫలాల దగ్గరికి వచ్చేసరికి అత్తయ్యగారు "ఆ గంపలామె మా కొలనుపాక దిక్కు ఆమే అయి ఉంటది" అన్నారు. ఆవిడ పుట్టిల్లు అటువైపే.

ఇవాళ పొద్దున ల్యాబ్ వాళ్లకి ఫోన్ చేశాను. మీరన్నట్టే ఎనిమిదిన్నరకి వస్తాను, ఐదున్నరకి వదలండి అని అడిగాను. శాంపిల్స్ తీసే అమ్మాయి పొద్దున ఆలస్యంగా వస్తోందట, నేను అడగ్గానే ఒప్పేసుకున్నారు. కానీ ఒక మాట అన్నారు. నెలకి రెండు ఆదివారాలు కూడా రావాలట. ఆదివారం బండ్ల సంగతి ఎలా ఉంటుంది?

ఆధార్ మార్పుకి మీసేవకి వెళ్తున్నాను. అక్కా, బైపాస్ మాట మావారు రెండుసార్లు చదివించుకున్నారు. ఇక హాస్టల్ మాట ఎత్తలేదు.

టీచర్‌గారూ, మీరు చెప్పినట్టు వంట సంగతి అడుగుదామనుకుంటుంటే, అత్తయ్యగారే "పొద్దున బాక్సు నేను కడత, నువ్వు రాత్రికి చారు పెట్టు చాలు" అన్నారు.

పాత పాసు రాసినది:

శభాష్ బిడ్డా. నేను పదకొండేండ్లు అడగని మాట నువ్వు ఒక్క దినంల అడిగినవు.

ఆదివారం కొన్ని లోకల్ బండ్లు ఉండవు. కౌంటర్ల అడిగి ఆదివారం ఏవి నడుస్తయో వేరేగ రాసుకో, ఆ రెండు ఆదివారాలు బస్సే మేలు. పొద్దున ఉప్పల్ రింగు చెప్పినట్టు భువనగిరి పోయి మారు. సాయంత్రం మాత్రం గుట్ట జనం ఎక్కకముందే, ఐదింటి లోపల ఉప్పల్ల ఉండేటట్టు చూసుకో. ఆదివారం ల్యాబుల పని తొందరగ అయిపోతది, అదిగూడ ముందే మాట్లాడు.

ఎంఎంటీఎస్ అనే సిటీ లోకల్ బండ్ల గురించి గూడ నిన్నెవరన్న ఊరిస్తరు. ఘట్‌కేసర్ దాకా 2024 మార్చిల వచ్చింది, లింగంపల్లి దిక్కు పోయేటోళ్లకు పనికొస్తది. ఘట్‌కేసర్ నుంచి రాయగిరి దాకా 33 కిలోమీటర్లు 2016ల మంజూరైంది. అది వస్తే మన దిక్కోళ్ల బతుకే మారుతది. వచ్చినంక చూసుకుందాం, ఇప్పటికి పుష్‌పుల్ లెక్కతోనే నడువు.

సోమవారం స్టేషన్‌కు ఇరవై నిమిషాలు ముందు రా. ఫుట్ బ్రిడ్జి మెట్ల కింద ఒక వేపచెట్టుంటది, మా పాత జట్టు ఇంకా ఆడనే నిలబడ్తది. పోస్టాఫీసు సారు రిటైరైండు గని ఆయన బిడ్డ తార్నాకలనే పనిచేస్తది, రోజు అదే బండి. పచ్చ బ్యాగు, చేతుల ఉల్లెన్ అల్లిక. ఆ పిల్లకు నీ సంగతి చెప్పి పెట్టిన. లేడీస్ డబ్బాల నీకు ఒక సీటు ఆపి ఉంచుతది.